ఇరువురు ముష్టియోధురాండ్రు

ఏలూరునుండి దక్షిణముగా నాలుగైదు క్రోసులు పోవునప్పటికి మనకు కొల్లేరు కనబడును. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి తెచ్చి పోసిన నీటిని తనలో నిముడ్చుకొని, ఉప్పుటేరు దారిని సముద్రమునకు విడుచు మంచినీటి సరస్సు అది. ఇటువంటిదే మఱియొక మంచినీటి సరస్సు మన దేశపు ఈశాన్యమూలను, మణిపూరు రాష్ట్రమున గలదు. దాని పేరు లోక్‌తాక్. ఇచ్చట నీటి నడుమ మట్టి లంకలు. అచ్చట నీటిపై తేలియాడు గడ్డి లంకలు. ఇచ్చటను దోనెలే, వలలే. అచ్చటను దోనెలే, వలలే. ఆ సరస్సునకు చేరువనున్న మొయిరాంగు ప్రాంతమున, కాంగథేయి యను పల్లెలో, ఒరుల పొలములలో పనిచేసికొని బ్రదుకు దంపతులకు పుట్టిన ఆడుబిడ్డ ప్రపంచ ముష్టియుద్ధపు పోటీలలో ఆఱు పర్యాయములు అగ్రస్థానము నందెను. ఆమె పేరు మేరీ కోమ్.

ఇక తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరునకు వచ్చు కాలువను తలచుకొనుడు. విజ్జేశ్వరము కడ గోదావరినుండి చీలి, మన చేలను తడుపుచు వచ్చు కాలువ అది. ఆ గోదావరి తెలంగాణములో అడుగిడునది నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి కడ. ఆ నిజామాబాదు పట్టణమున 1996వ సంవత్సరము జూను 14వ తేదీన పుట్టిన బాలిక పెరిగి పెద్దదై రెండు పర్యాయములు ప్రపంచ విజేత్రి యయ్యెను. ఆమె పేరు నిఖత్ జరీన్. ఒకతె మన కొల్లేటివంటి సరస్సు చెంతను పెరిగిన బిడ్డ. మఱియొకతె మన కాలువనీటికి ఎగువను పెరిగిన బిడ్డ. కావున వీరి కథ మనకు పరాయిది గాదు.

"జీవితమంతయు వ్యాకరణము చెప్పుకొనిన ముసలివానికి పిడిగుద్దులతో నేమి పని?" యని మీలో కొంద ఱనుకొనవచ్చును. నిజమే. నే నా వేదికపై నెన్నడును కాలుపెట్టినవాడను గాను. కాని నేను చెప్పబోవునది గుద్దుల కథ గాదు, పరీక్ష కథ. ముప్పది యేండ్లకు పైగా పిల్లలను పరీక్షించి జీతము దిన్నవాడను గనుక, పరీక్షను గూర్చి మాటాడుటకు నాకు గొంత హక్కు గలదనుకొందును. అదియు గాక, ఆ పరీక్ష విషయమున నేను చేసిన తప్పొకటి గలదు. దానిని తగినచోట చెప్పెదను.

ముందుగా ఈ విద్యయొక్క స్వరూపమును గొంచెము తెలిసికొందము. ముష్టియుద్ధము మనకు క్రొత్త గాదు. చాణూర ముష్టికుల కథ వినని తెలుగువాడుండడు. నేడు బాక్సింగను పేర లోకమంతట నడచుచున్న పోటీకి మాత్రము కట్టుదిట్టమైన నియమములు గలవు. చేతులకు మెత్తని తొడుగులు వేసికొని, చుట్టును త్రాళ్ళు కట్టిన చదరపు వేదికపై ఇరువురు తలపడుదురు. నడుకట్టునకు పైభాగమున, ముందువైపునను ప్రక్కలను మాత్రమే కొట్టవలెను. నేటి స్త్రీల పోటీలలో మూడేసి నిమిషముల రౌండులు మూడు. రౌండునకు రౌండునకు నడుమ ఒక నిమిషము విశ్రాంతి. వేదిక చుట్టును కూర్చున్న న్యాయనిర్ణేతలు సాధారణముగా ఐదుగురు. ప్రతి రౌండులోను ఎవరిది పైచేయి యైనదో వారు వేర్వేఱుగా నంకెలు వేయుదురు. ఐదుగురును ఒకరినే మెచ్చినచో ఐదు సున్నలతో గెలిచినట్లు ప్రకటింతురు. ముగ్గు రొకరిని ఇద్ద రొకరిని మెచ్చినచో మూడు రెండ్లతో గెలిచినట్లు ప్రకటింతురు.

బరువును బట్టి తరగతులు గలవు. సంక్రాంతినాళ్ళలో మన వైపున, చట్టము వలదన్నను, కోళ్ళను పందెమునకు దింపువారు జోడు చూడకుండ దింపరు గదా! పక్షుల విషయముననే యింత చూపుండగా మనుష్యుల విషయమున చెప్పవలయునా? నలువదియెనిమిది కిలోల మనిషి ఏబదియొక కిలోల మనుష్యులతో తలపడుట యనగా, తాటిదోనె సరకుపడవలతో నొరసికొని పోవుట వంటిది. వినుటకు మూడు కిలోలే. కాని ఆ మూడు కిలోలలో ఎదుటివారి చేతి పొడవును, దెబ్బ బరువును దాగియుండును. ఈ బరువుల లెక్క మన కథలో ముందు వచ్చును గనుక గుర్తుంచుకొనుడు.

మేరీ కోమ్ బాల్యమున పరుగుపందెములయందును, ఈటె విసరుటయందును ఆసక్తి గలది. 1998లో బాంకాకున జరిగిన ఆసియా క్రీడలలో మణిపూరువాడైన డింగ్కో సింగు బాక్సింగున స్వర్ణపతకము గెలిచి వచ్చెను. ఆ గెలుపు ఆ రాష్ట్రపు పిల్లలపై మంత్రమువలె పనిచేసెను. మేరీ ఇంఫాలు చేరి, ఇంటివారికి చెప్పకయే చేతొడుగులు తొడిగెను. 2000వ సంవత్సరమున ఆమె రాష్ట్రపు పోటీలో గెలువగా పత్రికలో ఆమె బొమ్మ పడెను. తండ్రికి సంగతి తెలిసినది అప్పుడే. ముఖము చెడినచో పెండ్లి యెట్లగునని ఆయన కలత చెందెను. ఆయన వయస్సులో నున్నప్పుడు తాను కుస్తీ పట్టినవాడే. అయినను కూతురి విషయమున ఆ భయము తప్పలేదు. మన యిండ్లలో మాత్రము తప్పుచున్నదా?

స్త్రీలకు ప్రపంచ బాక్సింగు పోటీలు మొదలైనది 2001లో, అమెరికాలోని స్క్రాంటను నగరమున. అప్పటికి ఇరువది యేండ్లు నిండని మేరీ ఆ మొదటి పోటీలోనే రజతపతకము దెచ్చెను. తరువాతి పోటీ 2002లో తుర్కీదేశపు అంతాల్యా పట్టణమున, స్వర్ణము. 2005లో రష్యాలోని పదోల్స్కున స్వర్ణము. 2006లో మన ఢిల్లీలోనే స్వర్ణము. ఆ యేడు మేరీతోపాటు సరితాదేవి, జెన్నీ, లేఖ యను మన దేశపు స్త్రీలు మఱి ముగ్గురు స్వర్ణములు గెలిచిరి. 2007లో మేరీ కవలపిల్లలకు తల్లి యయ్యెను. ఇక నామె కథ ముగిసినదని లోకము తలచెను. లోకము తలచుట తప్పయినది. 2008లో చీనాలోని నింగ్బోలో ఆమె మరల స్వర్ణము గెలిచెను. ఆ పోటీలోనే మన విశాఖపట్టణపు పడతి ఉష రజతము దెచ్చినదని ఇచ్చట చెప్పుకొనుట మనకు విధి. 2010లో బార్బడోసు ద్వీపమున మేరీకి అయిదవ స్వర్ణము లభించెను.

అప్పటివఱకును ఒలింపిక్సులో స్త్రీల బాక్సింగు లేదు. 2012లో లండనున మొదటిసారి ప్రవేశపెట్టినప్పుడు మూడే తరగతులుంచిరి. వానిలో నన్నిటికంటె తక్కువది ఏబదియొక కిలోలది. మేరీ గెలిచిన ప్రపంచ స్వర్ణము లన్నియు నలువదియైదు మొదలు నలువదియెనిమిది కిలోల తరగతులలోనివి. ఆమె బరువు పెంచుకొని, తనకంటె పెద్ద శరీరములతో తలపడి, కాంస్యపతకము దెచ్చెను. ఆమెను సెమీఫైనలులో నోడించిన ఇంగ్లండుయువతి నికోలా ఆడమ్సే ఆనాటి స్వర్ణమును గెలిచెను. మేరీ 2014లో ఇంచియాను ఆసియా క్రీడలలోను, 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన కామన్వెల్తు క్రీడలలోను స్వర్ణములు గెలిచెను. ఆ 2018 నవంబరులోనే, ముప్పదియైదేండ్లు దాటిన వయస్సున, ముగ్గురు బిడ్డల తల్లి యై, ఢిల్లీలో ఆఱవ ప్రపంచ స్వర్ణమును గైకొనెను. స్త్రీలలో అంతకుముందు ఎవ్వరును అందుకొనని సంఖ్య అది.

ఇక నిఖత్తు కథ. ఈమెను మైదానమునకు వేలు పట్టుకొని తీసికొనిపోయినవాడు తండ్రియే. జమీల్ అహమ్మదుగారు తాము ఆటలు మరగినవారు. కూతురిని పరుగుపందెములకు తర్ఫీదు చేయ సంకల్పించిరి. ఒకనాడు ఆ బాలిక మైదానమున ఆడుపిల్లలు అన్ని యాటలును ఆడుచుండుటయు, బాక్సింగు కడ మాత్రము ఒక్కతెయు లేకుండుటయు గమనించి, కారణ మడిగెను. ఆడుపిల్లలకు దానికి తగిన బలము లేదని లోకులు తలతురని తండ్రి చెప్పెను. ఆ మాటయే ఆమెకు ముహూర్తమయ్యెను. నిజామాబాదున షంసముద్దీను అను శిక్షకుని కడ, మగపిల్లల నడుమ తానొక్కతెయే ఆడుపిల్లయై, ఆమె ఈ విద్య నారంభించెను. కందిన ముఖముతో నింటికి వచ్చిన బిడ్డను జూచి తల్లి కంటనీరు పెట్టుకొనెను. తరువాత నామె 2009లో విశాఖపట్టణమునందలి క్రీడాప్రాధికార సంస్థలో ద్రోణాచార్య పురస్కార గ్రహీతయైన వేంకటేశ్వరరావుగారి శిక్షణలో చేరెను. రెండేండ్లు తిరుగకముందే, 2011లో, బాలికల ప్రపంచ పోటీలో స్వర్ణము గెలిచెను. ఆ పోటీ జరిగిన చోటు అంతాల్యా. తొమ్మిదేండ్ల క్రిందట మేరీ తన మొదటి స్వర్ణమును గెలిచిన పట్టణమే అది!

ఇచ్చట నొక్కక్షణ మాగి ఇరువురి బాల్యములను ప్రక్కప్రక్కల నుంచి చూడుడు. ఒకతె తండ్రికి తెలియకుండ నేర్చెను. మఱియొకతె తండ్రి వెంట పోయి నేర్చెను. ఒకతె నాటికి చూచి నేర్చుకొనుటకు దేశమున ప్రపంచ విజేత్రి లేదు. మఱియొకతె నాటికి మేరీ కోమ్ కలదు. తాను చిన్ననాటినుండి మేరీనే ఆదర్శముగా నెంచుకొంటినని నిఖత్తు పలుమాఱులు చెప్పియున్నది. ఒక తండ్రి భయమునకును ఒక తండ్రి ధైర్యమునకును నడుమ జరిగిన దేమని యడిగినచో, మేరీ స్వర్ణములు జరిగినవని నేను చెప్పుదును. మార్గదర్శి యనుమాటకు ఇంతకంటె వేఱు నిర్వచనము నాకు దోచదు.

నిఖత్తు దారి నున్ననిది గాదు. 2017లో భుజము జాఱి ఆమె చాలకాలము పోటీలకు దూరమయ్యెను. కోలుకొని 2019లో బల్గేరియాలోని సోఫియా నగరమున స్ట్రాంజా పోటీలో స్వర్ణము గెలిచెను. ఆమె తరగతి ఏబదియొక కిలోలు. ఒలింపిక్సున నలువదియెనిమిది లేనందున మేరీ తరగతియు ఏబదియొకటియే యయ్యెను. ఒక తరగతికి దేశమునుండి ఒక్కరే పోవలెను. ఒక దోనెలో ఒక్కరికే చోటు, గట్టున ఇరువురు.

ఆ యేడు మే నెలలో గౌహతిలో ఇరువురును తలపడగా మేరీ నాలుగు ఒకట్లతో గెలిచెను. ప్రపంచ పోటీకి మేరీని ఎంపికపోటీ లేకుండనే పంపిరి. ఆమె అక్టోబరులో రష్యాలోని ఉలాన్ ఉదేలో కాంస్యము దెచ్చెను. అది ఆమెకు ప్రపంచ పోటీలలో ఎనిమిదవ పతకము. పిమ్మట ఒలింపిక్సు అర్హతపోటీకి కూడ నామెనే నేరుగా పంపుదురను మాట పుట్టెను. అప్పుడు నిఖత్తు కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగముగా నొక లేఖ వ్రాసెను. తనకు స్థానము నిమ్మని గాదు, న్యాయమైన పోటీ నిమ్మని. జగద్విఖ్యాతుడైన ఈతగాడు మైకేల్ ఫెల్ప్సు కూడ ప్రతి ఒలింపిక్సునకును తన దేశమున మరల అర్హత సంపాదించుకొనవలసి వచ్చెనని ఆమె గుర్తుచేసెను.

దేశమున రెండు పక్షము లేర్పడెను. ఆఱు స్వర్ణముల పెద్దను ఈ పిల్ల సవాలు చేయుటయా యని కొందఱు. సవాలునకు వెఱవనేల యని కొందఱు. మొదటి పక్షమువారి మాటయందును బలము లేకపోలేదు. మేరీ అప్పటికి పదునెనిమిదేండ్లుగా దేశమునకు పతకములు దెచ్చుచున్నది. కొన్ని నెలల క్రిందటనే నిఖత్తును ఓడించియున్నది. ఎదిగిన చెట్టును ప్రతియేడును పెల్లగించి వేళ్ళు చూచుట తగునా యని వారు వాదించిరి. కడపట బాక్సింగు సమాఖ్య ఎంపికపోటీ జరుప నిశ్చయించెను. 2019 డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలో ఇరువురును వేదిక యెక్కిరి. పదుగురు న్యాయనిర్ణేతలలో తొమ్మండుగురు మేరీ వైపునను, ఒక్కరు నిఖత్తు వైపునను పలికిరి. పోటీ ముగిసిన పిమ్మట మేరీ ఆమెకు చేయి కలుపలేదు. అంతవఱకును పెరిగిన వేడి ఎంతటిదో దానివలననే తెలియును.

శ్రోతలారా! ఈ ఘట్టమును నే నొక శాస్త్రసభగా భావింతును. మా గురువుల కాలమున సభలో నెంతటి పండితుడైనను ఒక విషయమును ప్రతిపాదించినచో, ఎదుట కూర్చున్నవాడు, వయస్సులో నెంత చిన్నవాడైనను, ఆక్షేపించుటకు హక్కుగలవాడు. దానిని పూర్వపక్ష మందురు. పూర్వపక్షమునకు సమాధానము చెప్పిన పిమ్మటనే పెద్దవాని మాట సిద్ధాంత మగును. పూర్వపక్షమే లేనిచో అది సిద్ధాంతము గాదు, ఉత్త మాట. నిఖత్తు లేఖ పూర్వపక్షము. మేరీ తొమ్మిది ఒకట్ల గెలుపు సిద్ధాంతము. లేఖయే లేకపోయినచో మేరీ టోక్యోకు దయవలన పోయినదని లోకము చెప్పుకొనెడిది. లేఖ వలన ఆమె గెలిచి పోయినదని చెప్పుకొనుచున్నది. అనగా ఆనాటి పరీక్షవలన నెక్కువ లాభము పొందినది పరీక్షను కోరిన చిన్నది గాదు, పరీక్షకు నిలిచిన పెద్దదియే. ఓడినంతమాత్రమున నిఖత్తు కోరిక తప్పు గాలేదు. పోటీ తప్పనిసరి యైనంతమాత్రమున మేరీ గౌరవము తగ్గలేదు.

నా తప్పును చెప్పుదునంటిని. నేను కొల్లేటియొడ్డున నొక పాఠశాలలో తెలుగు చెప్పుచున్న దినములలో, ఆటల బాధ్యత కూడ కొంతకాలము నా నెత్తిపై బడెను. పాఠశాలల నడుమ జరుగు పరుగుపందెమునకు ఒక బాలికను పంపవలసి వచ్చెను. వెనుకటి యేడు గెలిచిన పిల్ల యుండగా, ఆమె పేరునే వ్రాసితిని. ఆ సాయంకాలము లంకనుండి తాటిదోనెలో బడికి వచ్చు నొక సన్నని పిల్ల నా గది గుమ్మము కడ నిలిచి, "మేష్టారండీ, మా యిద్దర్నీ ఒక్కసారి పరుగెత్తించి చూడండి. ఓడిపోతే మళ్ళీ నోరెత్తనండి" అనెను. నేను తల యెత్తకయే, "పోయినేడు గెల్చిన పిల్లుండగా నీకెందుకమ్మా?" అంటిని. ఆ బాలిక మఱి మాటాడలేదు. మఱునాటినుండి మైదానమునకును రాలేదు. ఆమె పరుగెత్తియుండినచో గెలిచెడిదో లేదో నాకు దెలియదు. బహుశః ఓడియే యుండెడిది. కాని ఓడిపోవు హక్కును కూడ నేనామెకు ఈయనైతిని. పంపిన పిల్లకును మేలు చేయలేదు. ఆమె తన బడిలో గెలిచి పోయినదన్న తృప్తిని ఆమెనుండి అపహరించితిని. 2019లో నిఖత్తు లేఖను పత్రికలో చదివిననాడు నాకు జ్ఞాపకము వచ్చినది ఆ గుమ్మమును, ఆ సన్నని పిల్లయును.

తరువాతి కథను చూతము. టోక్యో ఒలింపిక్సు మహమ్మారివలన ఒక యేడు వెనుకబడి 2021లో జరిగెను. ప్రారంభోత్సవమున హాకీవీరుడు మన్‌ప్రీత్ సింగుతో గూడ మన పతాకమును మోసినది మేరీ. ఆమె మొదటి పోటీలో గెలిచి, రెండవదానిలో జూలై 29వ తేదీన కొలంబియా దేశపు ఇంగ్రిత్ వలెన్సియా చేతిలో మూడు రెండ్లతో ఓడెను. ఈ వలెన్సియా పేరును మఱువకుడు.

2022 మే 19వ తేదీన ఇస్తాంబులు నగరమున ప్రపంచ పోటీలో నిఖత్తు ఏబదిరెండు కిలోల తరగతిలో థాయిదేశపు జిత్‌పొంగ్ జుటామాసును ఐదు సున్నలతో ఓడించి స్వర్ణము గైకొనెను. ప్రపంచ స్వర్ణము గెలిచిన భారతస్త్రీలలో నామె అయిదవది, తెలుగునేలనుండి మొదటిది. మేరీ ఆమె నభినందించెను. 2019లో కలియని చేతులు ఆ మాటతో గొంత కలిసినవని నే ననుకొందును.

దీనికంటె నన్ను మెప్పించినది మఱుసటి నెలలో జరిగినది. బర్మింగుహాము కామన్వెల్తు క్రీడలకు జూనులో ఢిల్లీలో ఎంపికపోటీలు పెట్టిరి. ప్రపంచ విజేత్రి యై నెల తిరుగని నిఖత్తు, ఏబది కిలోల తరగతిలో, అందఱితో పాటు ఆ పోటీలో నిలిచి గెలిచెను. తాను కోరిన నియమమునకు తానే తల యొగ్గెను. నలుబదికి చేరువైన మేరీయు అదే ఎంపికపోటీలలో నలువదియెనిమిది కిలోల తరగతిలో వేదిక యెక్కెను; మోకాలు బెణికి నడుమనే దిగవలసి వచ్చెను. నలుబది దాటినవారు పోటీ చేయరాదను నియమ ముండుటచే ఆమెకు మఱి పెద్ద పోటీ దొరకలేదు. కాని చూడుడు: ఆమె కడపటి పోటీ ఎట్టిది? ఎంపికపోటీయే! ఆమెయు పరీక్షయందే కాలు మోపి, పరీక్షయందే కాలు దెబ్బతిని, తలయెత్తుకొని పోయినది.

బర్మింగుహామున నిఖత్తు స్వర్ణము గెలిచెను. 2023 మార్చిలో ప్రపంచ పోటీలు మరల ఢిల్లీకి వచ్చెను. సెమీఫైనలులో నిఖత్తునకు ఎదురైన దెవరు? టోక్యోలో మేరీని ఓడించిన ఇంగ్రిత్ వలెన్సియాయే. నిఖత్తు ఆమెను ఐదు సున్నలతో ఓడించెను. మార్చి 26వ తేదీన వియత్నాము యువతి గుయెన్ థి టామును కూడ ఐదు సున్నలతోనే గెలిచి రెండవ స్వర్ణము నందెను. మన దేశపు స్త్రీలలో ఒకటికంటె నెక్కువ ప్రపంచ స్వర్ణములు గలది మేరీ తరువాత నామెయే. ఆ యేడు ఢిల్లీలో మన దేశమునకు వచ్చిన స్వర్ణములు నాలుగు: నీతూ, నిఖత్తు, స్వీటీ, లవ్లీనా. 2006లో అదే ఢిల్లీలో వచ్చినవియు నాలుగే. పదునేడేండ్ల నడుమ ఒక తరము తన బరువును మఱియొక తరమునకు అప్పగించినట్లు తోచుచున్నది.

పొగడ్త మాత్రమే చెప్పి లోపము దాచుట ఉపాధ్యాయునకు తగదు. నిఖత్తునకు ఒలింపిక్ పతకము లభింపలేదు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచి పారిసునకు అర్హత పొందినను, 2024 ఆగస్టు 1వ తేదీన చీనాయువతి వూ యూ చేతిలో ఐదు సున్నలతో ఓడెను. ఆ వూ యూయే పిమ్మట స్వర్ణము గెలిచెను. లండనులో మేరీకి జరిగినట్లే, గెలువబోవు దానితోనే తలపడవలసివచ్చెను. కాని మేరీకి ఆ ఘట్టము సెమీఫైనలులో వచ్చుటచే కాంస్యము దక్కెను, నిఖత్తునకు ముందే వచ్చుటచే రిక్తహస్తము మిగిలెను. పారిసు తరువాత కూడ నామె చేతొడుగులు విప్పలేదు.

బిరుదుల మాట. మేరీకి 2006లో పద్మశ్రీ, 2013లో పద్మభూషణము, 2020లో పద్మవిభూషణము లభించెను. 2016 మొదలు 2022 వఱకు రాజ్యసభలో ఆమె నియమిత సభ్యురాలుగా నుండెను. ఇంఫాలులో పేదపిల్లలకు బాక్సింగు నేర్పు సంస్థను నెలకొల్పెను. నిఖత్తునకు 2022లో అర్జున పురస్కారము వచ్చెను. 2024లో తెలంగాణ ప్రభుత్వ మామెను పోలీసుశాఖలో డి.ఎస్.పి.గా నియమించెను.

మఱి ఇరువురిలో గొప్ప యెవరు? అంకెలు చెప్పు తీర్పు స్పష్టము. ఆఱు స్వర్ణములకు రెండు స్వర్ణములు సాటి రావు. ఒలింపిక్ కాంస్యమునకు శూన్యము సాటి రాదు. ఇరువురును తలపడిన పెద్ద పోటీలలోను మేరీదే గెలుపు. ఆ తీర్పును నిఖత్తు కూడ కాదనదు. కాని వారసత్వము అంకెలతోనే తూగునది గాదు. మన కాలువల మాటయే తీసికొనుడు. ధవళేశ్వరము కడ ఆనకట్ట కట్టి, కాలువలు త్రవ్వించిన కాటను దొర పేరు మన జిల్లాలలో నిలిచియున్నది, నిలువవలసినదే. అయినను కాలువ త్రవ్వినంతమాత్రమున శివారు చేనికి నీరందదు. "నా వంతు నాకు విడువుడు" అని తూము కడ నిలిచి యడుగువాడు ఒకడు కావలెను. వాడు ఎగువవానికి శత్రువు గాడు. వంతు నిలిచిననాడే కాలువ అందఱిదగును. మేరీ కాలువ త్రవ్వెను. నిఖత్తు వంతు నడిగెను. త్రవ్వినవారు లేనిచో అడుగుటకు నీరే లేదు. అడుగువారు లేనిచో ఆ నీరు కొందఱి సొత్తు. ఈ రెండును వేర్వేఱు పుణ్యములు. ఒకదానిని తగ్గించి రెండవదానిని పెంచ బనిలేదు.

పుత్రునిచేతను శిష్యునిచేతను ఓటమిని కోరుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. దానికి నే నొక సవరణ చేర్చుకొందును. ఓటమిని కోరుకొనుట యనగా కావలెనని ఓడుట గాదు. వారు మనలను పరీక్షించుటకు తలుపు తెఱచియుంచుట. పరీక్షకు నిలిచి గెలిచినను పెద్దకు గౌరవమే, ఓడినను గౌరవమే. తలుపు మూసికొనినప్పుడు మాత్రమే అగౌరవము.

తల్లులారా, తండ్రులారా, ఉపాధ్యాయులారా! మీ యింటనో మీ బడిలోనో ఒక పిల్ల గుమ్మము కడ నిలిచి, నన్నొక్కసారి చూడుడని యడిగినచో, నావలె తల వంచుకొని వ్రాసికొనుచుండకుడు. కలము క్రింద పెట్టుడు. మైదానమున గీత గీయుడు. ఇరువురును పరుగెత్తనిండు. ఎవరు గెలిచినను ఆ సాయంకాలము ఇద్దఱును ఇంటికి తృప్తితో పోవుదురు. ఒకరు గెలిచితిమని, ఒకరు అడిగితిమని.